జా ప్లేటు మీద వేసిన హార్డ్‌ఫేసింగ్ ఎందుకు ఊడిపోతోంది?

మీ ప్రశ్న చదివాను తమ్ముడూ. అగనంపూడిలో చిన్న వర్క్‌షాపు. మూడు రకాల పని వస్తోంది: కంకర క్రషరులో రాయిని నలిపే జా ప్లేట్లు, జేసీబీ బకెట్ పళ్లు, ఇటుక బట్టీల వాళ్లు మట్టి కలిపే పగ్‌మిల్లు బ్లేడ్లు. మూడింటికీ హార్డ్‌ఫేసింగ్‌కు, అంటే అరగకుండా పైన వేసే గట్టి పూతకు, అట్టపెట్టె మీద 60 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ సి అనే గట్టిదనం కొలత) అని రాసి ఉన్న ఒకే రాడ్డు వాడుతున్నారు. బ్లేడ్లు బాగున్నాయి, పళ్లు పరవాలేదు, జా ప్లేటు మీద పూత మాత్రం వారం తిరక్కుండానే అట్టలు కట్టి ఊడింది. క్రషరు ఓనరు డబ్బులు ఇవ్వనంటున్నాడు. పూత మీద అడ్డంగా సన్నటి పగుళ్లు కూడా ఉన్నాయని, ఇంతకంటే గట్టి రాడ్డు ఏదో చెప్పమని అడిగారు.

నేను ఈ విశాఖపట్నం చుట్టుపక్కలే ముప్పై ఏళ్లకు పైగా మెయింటెనెన్స్ వెల్డింగ్ చేశాను, చేయించాను. అందుకే ముందు రెండు మాటలు చెప్పేస్తాను, మీ టెన్షన్ కొంత తగ్గుతుంది. ఆ అడ్డ పగుళ్లు మీ తప్పు కాదు. ఆ రకం రాడ్డు వేస్తే అవి రావాల్సిందే. ఊడిపోవడం మాత్రం తప్పే, కానీ అది గట్టిదనం చాలక జరిగింది కాదు. ఇంకా గట్టి రాడ్డు వేస్తే ఇంకా తొందరగా ఊడుతుంది.

జా ప్లేటు సంగతి ముందు చూద్దాం. మీ నష్టం అక్కడే ఉంది కాబట్టి ఎక్కువ రాస్తాను.

జేబులో ఒక చిన్న అయస్కాంతం పెట్టుకోండి. పాత స్పీకర్లోంచి తీసింది చాలు. జా ప్లేటు మీద ఒక చోట గ్రైండరుతో రెండు మూడు మిల్లీమీటర్లు తీసి, అక్కడ అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకుండా జారిపోతే అది మాంగనీస్ స్టీలు. గ్రైండ్ చేయకుండా పైపైన పెడితే కొన్నిసార్లు కొద్దిగా పట్టుకున్నట్టు అనిపిస్తుంది. ఫౌండ్రీలో పోతపోసి కాల్చేటప్పుడు పై పొరలో కార్బన్ తగ్గిపోవడం వల్ల అలా జరుగుతుంది, దాన్ని చూసి మోసపోవద్దు. మన చుట్టుపక్కల క్రషర్లలో జా ప్లేట్లు దాదాపు అన్నీ మాంగనీస్ స్టీలువే.

దీన్ని రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ అనే ఆయన 1882లో ఇంగ్లండులో కనిపెట్టాడు. మాంగనీసు 11 నుంచి 14 శాతం, కార్బన్ ఒక శాతం పైన ఉంటాయి. కొత్తగా ఉన్నప్పుడు ఇది మెత్తనే, బ్రినెల్ అనే గట్టిదనం కొలతలో 200 చుట్టుపక్కల. కానీ రాయి దెబ్బలు తినే కొద్దీ పై చర్మం బిగుసుకుని 500 దాటుతుంది, లోపల మాత్రం మెత్తగా, దెబ్బ మింగేలా ఉండిపోతుంది. ఆ రెండూ ఒకే ముక్కలో ఉండడం వల్లే నూట నలభై ఏళ్లు దాటినా క్రషర్లలో దీనికి సాటి వచ్చింది తక్కువ.

దీని బలహీనత వేడి. ఫౌండ్రీలో ఈ స్టీలును వెయ్యి డిగ్రీలు దాటించి, ఎర్రగా ఉన్నప్పుడే నీళ్లలో ముంచుతారు. అప్పుడు కార్బన్ అంతా లోహంలో కరిగి అలాగే చిక్కుకుపోతుంది. మీరు వెల్డింగ్ చేస్తూ ప్లేటును బాగా వేడెక్కనిచ్చి, నిదానంగా చల్లారనిస్తే, చిక్కుకున్న కార్బన్ బయటకొచ్చి లోహంతో కలిసి, రేణువుల అంచుల వెంబడి కార్బైడ్లు అనే గట్టి ముక్కలుగా పేరుకుంటుంది. ఇక ఆ ప్లేటు పెంకు లాగా పెళుసు. మిగతా స్టీళ్లకు వేడి చేసి వెల్డ్ చేయమంటాం. దీనికి వేడి చేయకూడదు. చాలామంది వెల్డర్లు మంచి అలవాటు కదా అని గ్యాస్ బర్నరుతో జా ప్లేటును కాచి మొదలుపెడతారు. పూత అప్పుడే పాడైనట్టు లెక్క.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక క్రషరు పని మీద వెళ్లాను. రాత్రి షిఫ్టు. పొద్దున ఆరుకల్లా మిషను తిరగాలని ఒత్తిడి. ప్లేటు లోతుగా అరిగిపోయి ఉంది. మామూలు స్టీలుకు వాడే లో హైడ్రోజన్ రాడ్డు 7018తో లోతు నింపి, పైన గట్టి రాడ్డు రెండు పొరలు వేశాం. ఆగకుండా వేశాం, ప్లేటు పొగలు కక్కింది. చూడడానికి చాలా బాగుంది. మర్నాడు మధ్యాహ్నం కంకరలో అరచేయంత పెద్ద పెచ్చు ఒకటి వచ్చింది. దాన్ని తిప్పి చూశాను. అడుగు భాగం కొబ్బరి చిప్ప లోపలి వైపులా నున్నగా ఒంపు తిరిగి ఉంది, ఎక్కడా చిరిగిన ఆనవాలు లేదు. ప్లేటు వైపు కూడా అంతే నున్నగా గుంట. లోహం సాగి తెగితే గరుకుగా, బూడిద రంగులో ఉంటుంది. ఇది గాజు విరిగినట్టు విరిగింది. మా మేస్త్రీ ఆ పెచ్చు చేతిలో పట్టుకుని, "గట్టి రాడ్డు బాగానే ఉందిరా, చూడు, ఒక్క గీత పడలేదు. దాన్ని పట్టుకోవాల్సింది పట్టుకోలేదు" అన్నాడు.

అక్కడ రెండు తప్పులు జరిగాయి. ఒకటి వేడి. రెండోది ఆ 7018. మామూలు స్టీలు రాడ్డును మాంగనీస్ స్టీలు మీద వేస్తే రెండూ కలిసిన చోట మాంగనీసు సగంలో సగంగా ఉండిపోతుంది. అటు మాంగనీస్ స్టీలూ కాదు, ఇటు మామూలు స్టీలూ కాదు, మధ్యలో గట్టిగా పెళుసుగా ఉండే పొర ఒకటి తయారవుతుంది. పూత ఊడేది ఆ పొర దగ్గరే. మీ ప్లేటు మీద 7018 వేయకపోయినా, గట్టి రాడ్డును నేరుగా మాంగనీస్ మీద వేశానన్నారు. గట్టి పూత అడ్డంగా పగులుతుంది, కింద దాన్ని ఆపే మెత్తటి పొర లేదు, పైగా కింద ప్లేటు వేడికి పెళుసెక్కి ఉంది. ఇక ఊడకుండా ఏమవుతుంది?

ఇలా చేయండి. ముందు అరిగిన ముఖం మీద బిగుసుకుపోయిన చర్మాన్ని గ్రైండరుతో తీసేయండి, ఓపిగ్గా, రెండు మూడు మిల్లీమీటర్ల దాకా. అది తీయకుండా వెల్డ్ చేస్తే ఆ చర్మమే పగులుతుంది. పాత పూత ఎక్కడైనా మిగిలి ఉంటే దాన్నీ పూర్తిగా తీసేయాలి. చిన్న సుత్తితో తట్టి వినండి, పట్టు లేని చోట బోలు శబ్దం వస్తుంది. తర్వాత ప్లేటును నీళ్లున్న ట్రేలో పెట్టండి, వెల్డ్ చేసే ముఖం మాత్రం నీళ్ల పైన ఉండాలి. వెల్డ్ చేసే చోటికి తడి తగలకూడదు. మొదటి పొర 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్, 6 శాతం మాంగనీసు ఉండే స్టెయిన్‌లెస్ రాడ్డుతో వేయండి. 307 అని అడిగితే ఇస్తారు. లోతు ఎక్కువుంటే దాని మీద మాంగనీస్ రాడ్డుతో నింపండి. కరెంటు తక్కువ, ఆర్కు పొట్టి, రాడ్డు అటూ ఇటూ ఊపకుండా సన్నటి గీతలు. ఒక గీత ఇక్కడ వేస్తే రెండో గీత దూరంగా ఆ మూల. గీత వేయగానే ఎర్రదనం పోయిన వెంటనే గుండ్రటి తల సుత్తితో తడుతూ వెళ్లండి, లోపలి లాగుడు తగ్గుతుంది.

వేడి ఎంత ఉండాలి అంటే, వెల్డ్ పక్కన 260 డిగ్రీలు దాటకూడదు. టెంపరేచర్ చాక్ ఒకటి కొనుక్కోండి, ఆటోనగర్‌లో దొరుకుతుంది, ఆ డిగ్రీకి రాగానే గీసిన గీత కరిగిపోతుంది. అది చేతిలో లేకపోతే, వెల్డ్ నుంచి జానెడు దూరంలో అరచేయి పెట్టండి. పెట్టి ఉంచలేకపోతే ఆపేయండి. టీ తాగి రండి.

ఆ పైన గట్టి పూత అవసరమా అంటే, ప్రతి జా ప్లేటుకూ అవసరం లేదు. పెద్ద రాళ్లు, పెద్ద దెబ్బలు పడే ప్రైమరీ క్రషరులో మాంగనీసు తనంతట తానే బిగుసుకుంటుంది, దాని మానాన దాన్ని వదిలేయడం మేలు. చిన్న సైజు రాయి వచ్చే చోట దెబ్బ చాలక బిగుసుకోదు, రాపిడికి ఊరికే అరిగిపోతుంది. అక్కడ ప్లేటు పళ్ల శిఖరాల మీద ఒక్క పొర, మహా అయితే రెండు పొరలు గట్టి రాడ్డు వేయండి. ఓనరుతో మాట్లాడి ప్లేటు ఏ మిషనుదో, ఎంత సైజు రాయి పడుతుందో కనుక్కున్నాకే రేటు చెప్పండి.

ఇక పగుళ్ల సంగతి. మీ పెట్టె మీద ఉన్నది క్రోమియం కార్బైడ్ రాడ్డు. చల్లారేటప్పుడు ఈ పూత కుంచించుకుపోవాలని చూస్తుంది, కింద ఉన్న దళసరి లోహం కుంచించుకోనివ్వదు. సాగే గుణం లేదు కాబట్టి అది పగిలి ఊపిరి తీసుకుంటుంది. గీతకు అడ్డంగా, ఒక సెంటీమీటరో రెండో దూరంలో ఒక్కొక్కటి, దోసకాయ కోసిన చక్రాల్లా వరసగా ఉంటాయి. చల్లారుతున్నప్పుడు చిటపటమని శబ్దం కూడా వినిపిస్తుంది. భయపడకండి. అవి రాకపోతేనే లోపల లాగుడు దాచుకుని ఉందని నేను అనుమానపడతాను. భయపడాల్సింది గీత పొడుగునా వెళ్లే పగులుకి, పూత అంచున లేచి కనిపించే పగులుకి. అది వచ్చిందంటే పట్టు పోయినట్టే. ఈ రకం పూతను సుత్తితో తట్టకూడదు. పైన చెప్పిన తట్టుడు మాంగనీస్, స్టెయిన్‌లెస్ పొరలకు మాత్రమే.

ఇప్పుడు 60 హెచ్‌ఆర్‌సీ అనే అంకె గురించి. ఈ అంకె చూసి రాడ్డు కొనడం మన దగ్గర బాగా పాతుకుపోయింది, దాని మీద నాకు బాధ ఉంది. అదే అంకె ఉన్న రెండు పూతలు పక్కపక్కన పెడితే, ఇసుకలో ఒకటి రెండోదానికంటే చాలా రెట్లు ఎక్కువ కాలం నిలబడుతుంది. ఎందుకంటే కొలిచే మిషను మొత్తం మీద సగటు చెబుతుంది. లోపల ఏముందో చెప్పదు.

కాంక్రీటు ఊహించుకోండి. కంకర, మధ్యలో సిమెంటు. క్రోమియం కార్బైడ్ పూతలో కార్బైడ్లు కంకర లాంటివి, మిగతా లోహం సిమెంటు. ఆ కార్బైడ్ల గట్టిదనం వికర్స్ కొలతలో 1500 దాకా ఉంటుంది. ఇసుక రేణువు, అంటే క్వార్ట్జ్, వెయ్యి నుంచి పదకొండు వందల దగ్గర ఉంటుంది. కాల్చి ఒక్కసారిగా చల్లార్చిన (క్వెంచ్ చేసిన) స్టీలు ఎంత గట్టిదైనా 700, 800 దగ్గర ఆగిపోతుంది. అంటే ఇసుక గట్టి స్టీలును గీయగలదు, కార్బైడును గీయలేదు. కార్బైడ్లు లేని మార్టెన్‌సైట్ రకం రాడ్డు, అంటే ఈ గట్టి స్టీలు లాంటి పూత వేసేది, కూడా హెచ్‌ఆర్‌సీలో 58, 60 చూపిస్తుంది. ఇసుకకు అది లొంగిపోతుంది, కానీ దెబ్బను క్రోమియం కార్బైడు కంటే బాగా తట్టుకుంటుంది. మన తీరం ఇసుకలో, భీమిలి వైపు ఎర్రమట్టి దిబ్బల నుంచి కిందికి చూస్తే, ఎర్రటి నల్లటి రేణువులు కనిపిస్తాయి కదా, అందులో గార్నెట్ కూడా ఉంటుంది. సాండ్ పేపరుకు వాడే సరుకు అది. సింహాచలం కొండల్లో ఉండే ఖొండలైట్ రాయిలోనూ క్వార్ట్జ్, గార్నెట్ రెండూ ఉన్నాయి. మన ఊళ్లో మట్టి పని చేసే ఏ మిషనైనా తొందరగా అరుగుతుందంటే కారణం అదే.

రాడ్డు పెట్టె మీద అంకె కంటే దాని పక్కన ఉండే కోడు చదవడం నేర్చుకోండి. జర్మన్ స్టాండర్డ్ డిన్ 8555 ప్రకారం రాసేది చాలా పెట్టెల మీద ఇప్పటికీ ఉంటుంది: E 10-UM-60-G లాంటిది. మధ్యలో 60 గట్టిదనం. మీకు కావాల్సింది మొదటి అంకె. 10 అంటే కార్బన్, క్రోమియం బాగా ఉన్న కార్బైడ్ రకం. 6 అంటే మార్టెన్‌సైట్ రకం. 7 అంటే మాంగనీస్ స్టీలు, దాని గట్టిదనం 200 అనో 250 అనో బ్రినెల్‌లో రాస్తారు. 8 అంటే ఇందాక చెప్పిన క్రోమియం నికెల్ మాంగనీస్ స్టెయిన్‌లెస్. 20 కోబాల్టు రకం. 21 అంటే టంగ్‌స్టన్ కార్బైడు లాంటివి నింపిన రకం. చివర ఉన్న అక్షరాల్లో జి రాపిడికి, పి దెబ్బకి, కె దెబ్బలకు బిగుసుకునే గుణానికి, టి వేడిలో బలానికి. షాపువాడు ఏ కంపెనీ సరుకు ఇచ్చినా ఈ కోడు చూస్తే మీకు లోపలున్నది తెలిసిపోతుంది.

గట్టిదనమే అన్నీ కాదనడానికి మన ఊరి పనుల్లోంచే రెండు ఉదాహరణలు. ఉక్కును ఎడతెగకుండా పోతపోసే కాస్టర్లలో రోలర్లు ఉంటాయి. ఒక పక్క ఎర్రటి ఉక్కు, ఇంకో పక్క నీళ్ల జల్లు, రోజంతా వేడెక్కి చల్లారడమే. వాటి మీద 13 శాతం క్రోమియం, 4 శాతం నికెల్ ఉన్న స్టెయిన్‌లెస్ పూత వేస్తారు, గట్టిదనం 40 హెచ్‌ఆర్‌సీ దగ్గర. అక్కడ 60 రాడ్డు వేస్తే కొద్ది రోజుల్లో నెర్రెలు విచ్చిన చెరువు అడుగులా తయారవుతుంది. రెండోది ఓడ ఇంజన్ల ఎగ్జాస్ట్ వాల్వులు. వాటి సీటు మీద వేసే స్టెల్లైట్ 6 కూడా 40 చుట్టుపక్కలే. ఎల్వుడ్ హేన్స్ అనే అమెరికన్ 1907లో కోబాల్టు, క్రోమియం కలిపి పేటెంటు తీసుకున్న రకం అది. లాటిన్‌లో నక్షత్రం అనే మాట నుంచి ఆ పేరు పెట్టాడు, దాని మెరుపు చూసి. ఎర్రగా కాలినా మెత్తబడదు, లోహం మీద లోహం రాసుకున్నా పట్టేయదు. ఖరీదు ఎక్కువ, మీ మూడు పనుల్లో దేనికీ అక్కర్లేదు. షాపువాడు అంటగట్టబోతే తీసుకోకండి.

బకెట్ పళ్లకు వస్తే, అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది. అది లో అల్లాయ్ పోత స్టీలు, గట్టిపరిచి ఇస్తారు. మాంగనీసుకు వద్దన్న వేడి దీనికి కావాలి. 150 నుంచి 200 డిగ్రీలు పన్ను మొత్తానికి సమానంగా ఎక్కించి, అక్కడే నిలిపి వెల్డ్ చేయండి. అంతకు మించి ఎర్రబారనిస్తే పన్ను లోపల మెత్తబడుతుంది. కింద 307 గానీ, 312 అనే మరో స్టెయిన్‌లెస్ రాడ్డు గానీ ఒక పలచటి పొర, పైన గట్టి రాడ్డు. పని అవ్వగానే నీళ్లు పోయకండి. పొడి ఇసుకలోనో సున్నంలోనో కప్పి నిదానంగా చల్లారనివ్వండి.

పళ్ల మీద గీతలు ఏ వైపు వేయాలో చాలామంది ఆలోచించరు. ఇసుక, మెత్తటి మట్టి తవ్వే బకెట్ అయితే గీతలు మట్టి జారే దారికి అడ్డంగా, మధ్యలో కాస్త ఎడంగా వేయండి. ఆ సందుల్లో మట్టి ఇరుక్కుని, మట్టి మీద మట్టే రాసుకుంటుంది, లోహం బతుకుతుంది. క్వారీలో రాయి ఎత్తే బకెట్ అయితే గీతలు రాయి జారే దారిలోనే, పన్ను పొడుగునా. అడ్డంగా వేస్తే రాయి అంచు తగిలి గీతను లేపేస్తుంది. రెండూ కలిసిన నేలైతే గళ్లు గళ్లుగా, చారఖానా లుంగీలా. పన్నుకు రెండు వైపులా నింపకండి. ఒక వైపే వేస్తే రెండో వైపు మెత్తటి లోహం అరుగుతూ ఉంటుంది, మొన ఎప్పుడూ వాడిగా ఉంటుంది. మా ఊళ్లో రైతులు తొలకరికి ముందు కమ్మరి కొలిమి దగ్గర నాగటి కర్రు కాల్పించి మొన సాగగొట్టించుకునేవాళ్లు. ఇప్పుడు ట్రాక్టరు నాగళ్ల కర్రులకు అడుగు వైపు ఒక గీత వేస్తే ఆ పని చాలా రోజులు తప్పుతుంది. వేసవిలో ఊళ్ల వైపు నుంచి ఆ పని మీకు బాగా వస్తుంది, అడిగి చూడండి.

పగ్‌మిల్లు బ్లేడ్లకు మీరు వేస్తున్నది సరైనదే. మామూలు మెత్తటి స్టీలు (ఎంఎస్) బ్లేడు, ఇసుక కలిసిన మట్టి, దెబ్బ లేదు, రాపిడే. ఒక్క మాట మాత్రం. ఒక్క పొర వేసి వదిలేస్తున్నారని రాశారు. మొదటి పొరలో అడుగు ఇనుము కరిగి కలుస్తుంది, రాడ్డు ఆర్కులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా. చిక్కటి పాలలో నీళ్లు పోసినట్టే. రాడ్డులో క్రోమియం 30, కార్బన్ 4 శాతం అనుకుంటే, 30 శాతం కలుపుడు తర్వాత మిగిలేది 21, 2.8. కార్బైడ్లు ఆ మేరకు తగ్గుతాయి. రెండో పొరలో నీళ్లు తక్కువ, పాలు ఎక్కువ. కాబట్టి బ్లేడు అంచున రెండు పొరలు వేయండి. మూడు దాటితే ఎత్తు పెరిగి అట్టకట్టి లేస్తుంది. కరెంటు తగ్గించి, వేసిన గీత మీదికి సగం ఎక్కేలా తర్వాతి గీత వేస్తే కలుపుడు ఇంకా తగ్గుతుంది. ఒక బ్లేడుకు ఒక పొర, పక్క బ్లేడుకు రెండు పొరలు వేసి, బిగించే ముందు కాటాలో తూచి రాసుకోండి. సీజను చివర మళ్లీ తూచండి. బట్టీ ఓనరుకు ఆ కాగితం చూపిస్తే మీరడిగిన రేటు ఇస్తాడు.

ఒక హెచ్చరిక. ఇంపాక్ట్ క్రషరులో తిరుగుతూ రాయిని కొట్టే బ్లో బార్లు కూడా మీ దగ్గరికి వస్తాయి, రాకుండా ఉండవు. అయస్కాంతం అంటుకుంటుంది, ఆకురాయి పెడితే గాజు మీద జారినట్టు జారుతుంది, గ్రైండరు పెడితే ఎర్రటి పొట్టి రవ్వలు వస్తాయి. అది హై క్రోమ్ కాస్ట్ ఐరన్, అంటే క్రోమియం బాగా ఉన్న పోత ఇనుము. దాని మీద వెల్డ్ చేయకండి. ఆ మిషను తిరిగే వేగంలో ఊడిన ముక్క మనిషికి తగలొచ్చు. పని పోయినా సరే, కుదరదని చెప్పి పంపించేయండి.

కాస్ట్ ఐరన్ మీద అసలు వెల్డింగే జరగదని కాదు. చోడవరం, గోవాడ వైపు చెరకు ఫ్యాక్టరీలో సీజనులో పనిచేసినప్పుడు మొదటిసారి రోలరు ఆర్కింగ్ చూశాను. చెరకు నలిపే రోలర్లు కాస్ట్ ఐరన్‌వి. పళ్ల మొనలు నున్నబడితే చెరకును లోపలికి లాగలేవు, పిప్పిలో రసం మిగిలిపోతుంది. అందుకని మిల్లు ఆపకుండానే, రోలరు నిమిషానికి నాలుగైదు చుట్లు తిరుగుతుండగానే, రసం కారుతుండగానే, వెల్డరు ఒక పక్కన కూర్చుని రాడ్డును పంటి మొనకు తాకిస్తూ తీస్తూ ఉంటాడు. ప్రతి తాకుడికీ పెసరగింజంత గట్టి బొట్టు ఒకటి అతుక్కుంటుంది. ఆవిరి, కాలిన బెల్లం వాసన, చిటపటలు. ఇందాక తడి తగలకూడదని, కాస్ట్ ఐరన్ వద్దని చెప్పిన నేనే ఇది సరైన పని అంటున్నాను. ఎందుకంటే అక్కడ ఆ బొట్టు చేయాల్సిన పని పట్టు ఇవ్వడం. ఒక బొట్టు రాలినా పక్కన వంద ఉంటాయి, మర్నాడు మళ్లీ వేస్తారు. ఆ ప్రత్యేకమైన రాడ్డు కూడా దానికోసమే చేసింది. ఏ భాగం ఎలా అరుగుతోందో, అది ఏం చేయాలో తెలియకుండా పద్ధతి మంచిదో చెడ్డదో చెప్పలేమని నాకు అక్కడే అర్థమైంది.

మన ఊరి గాలి గురించి కూడా చెప్పాలి. సముద్రం పక్కన ఉన్నాం. ప్యాకెట్ విప్పి షెడ్డులో పెట్టిన రాడ్డు పూత రాత్రికి రాత్రే తేమ పీలుస్తుంది. ఆ తేమలోని హైడ్రోజన్ వెల్డులోకి వెళ్లి, వెంటనే కాదు, ఒక రోజు రెండు రోజులు ఆగి పగులు తెస్తుంది. సాయంత్రం బాగుందని అప్పజెప్పిన పన్ను మర్నాడు పొద్దున పగిలిందంటే ముందు దాన్నే అనుమానించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు చాలా షెడ్ల పైకప్పులు లేచిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. ఆ తర్వాత ఒక యార్డులో తడిసిన రాడ్లను ఎండలో ఆరబెట్టి వాడేశారు, చేతికి పొడిగా ఉన్నాయి కదా అని. వారంలో చేసిన పనంతా తిరిగి గౌజింగ్ చేసి, అంటే వేసిన వెల్డును చెక్కి, తీయాల్సి వచ్చింది. ఎండ చాలదు. లో హైడ్రోజన్ రాడ్లకు ఓవెన్‌లో 300 నుంచి 350 డిగ్రీల్లో గంట, రెండు గంటలు కావాలి, తర్వాత వంద డిగ్రీలు దాటిన వేడి పెట్టెలో ఉంచి ఒక్కొక్కటిగా తీసుకోవాలి. 307, గట్టి రాడ్లకు పెట్టె మీద రాసిన వేడి పాటించండి, ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. చిన్న ఓవెన్ కొనడం మీకు ఇప్పుడు భారమే, కానీ మరో వెల్డింగ్ మిషను కొనేకంటే ముందు అదే కొనండి.

పొగ విషయంలో మాత్రం నా మాట వినండి. గట్టి రాడ్ల పొగలో క్రోమియం ఉంటుంది, అందులో ఒక రూపం క్యాన్సరు తెచ్చేది. మాంగనీస్ రాడ్ల పొగ ఏళ్ల తరబడి పీలిస్తే నరాల మీద పడుతుంది, చేతులు వణుకుతాయి, నడక మారుతుంది. నాకు తెలిసిన మంచి చేతివాటం ఉన్న వెల్డరు ఒకాయన ఇప్పుడు టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. దేనివల్లని నేను చెప్పలేను, కానీ ఆయన్ని చూసినప్పుడల్లా మేం ఏళ్లకేళ్లు తలుపులు మూసిన షెడ్డులో చేసిన పనులే గుర్తొస్తాయి. షెడ్డుకు ఒక పక్క తెరిచి ఉంచండి, పొగను మీ ముఖం దగ్గర్నుంచి పక్కకు లాగే ఫ్యాను పెట్టండి, మీ దగ్గర నేర్చుకునే కుర్రాళ్లకు గుడ్డ కాదు, రేణువులను ఆపే మాస్కు ఇవ్వండి.

ఆ క్రషరు ఓనరు దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు ఊడిన పెచ్చు ఒకటి తెచ్చుకోండి. అడుగు నున్నగా ఉందా, గరుకుగా ఉందా చూసి ఫొటో పెట్టండి, అయస్కాంతం ఏం చెప్పిందో కూడా రాయండి. ప్లేటు పళ్లు ఇంకా సగమైనా మిగిలి ఉంటే పైన చెప్పినట్టు తిరిగి చేయొచ్చు. మొదటి ప్లేటు నా ఖర్చుతోనే చేస్తానని ఆయనకు చెప్పండి, కానీ రెండు రోజులు టైము అడగండి. నీళ్ల ట్రేలో పెట్టి, ఆగి ఆగి చేసే పని ఒక్క రాత్రిలో అవ్వదు.